నల్ల ఇసుకలో అన్యలోహములు

జావా ద్వీపము తూర్పు భాగములో సెమేరు అనే అగ్నిపర్వతమున్నది. దాని ఎత్తు 3,676 మీటర్లు. ఆ ద్వీపములో అంతకు మించిన శిఖరము లేదు. అది తరచుగా బూడిదను, రాతి ముక్కలను వెలిగ్రక్కుతూ ఉంటుంది. వానలకు ఆ బూడిద వాగులలోనికి, వాగుల వెంట దక్షిణ సముద్రతీరమునకు కొట్టుకొనిపోతుంది. అక్కడ లుమాజాంగ్ జిల్లా తీరములో నడిచేవారి కాళ్ళక్రింద ఉండేది తెల్లని ఇసుక కాదు, బొగ్గుపొడి వంటి నల్లని ఇసుక. దానిలో ఒక అయస్కాంతమును ముంచి తీస్తే, ధ్రువముల చుట్టు రేణువులు ముళ్ళపంది ముళ్ళవలె నిక్కి నిలబడతాయి.

ఇండోనేషియా భాషలో దీనిని 'పసీర్ బెసి' అంటారు; అంటే ఇనుప ఇసుక అని అర్థము. చాలకాలము దీనికి ఉన్న గిరాకీ సిమెంటు పనులకు, ఉక్కు పనులకు మాత్రమే. ఇటీవలి సంవత్సరాలలో తూర్పు జావాలోని సురబాయ, మలాంగ్ నగరాల విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు దీనిని వేరొక దృష్టితో చూడసాగినవి. ఈ ఇసుకను కరిగించి, అందులో జింకు, మాంగనీసు వంటి వేరొక లోహమును కొద్దిగా కలిపి, మరల ఘనరూపమునకు తెస్తే, దాని అయస్కాంత ధర్మములు మనకు కావలసినట్లు మారుతాయా అన్నది వారి ప్రశ్న. మారుతాయి. అయితే ఆ మార్పు మొదట ఊహించిన దిక్కున జరగదు. అయస్కాంతము ఏమాత్రమూ ఆకర్షించని లోహమును కలిపితే ఇసుక బలము తగ్గవలసినది పోయి, పెరుగుతుంది. ఇది ఎందుకో తెలియాలంటే ముందు ఆ రేణువు లోపలికి తొంగి చూడాలి.

ఈ నల్లని రేణువులలో ముఖ్యమైనది మాగ్నటైట్ అనే ఖనిజము. మన పెద్దలు సూదంటురాయి అన్నది దీనినే. దీని అణుసూత్రములో మూడు ఇనుప పరమాణువులు, నాలుగు ఆక్సిజను పరమాణువులు ఉంటాయి. ఇది ఇసుకలో ఒకచోట పోగుపడడానికి కారణము కెరటములు. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ సాంద్రత 2.65, మాగ్నటైట్ సాంద్రత 5.2. వెనుకకు మళ్ళే కెరటము తేలికయైన రేణువులను తనతో ఈడ్చుకొని పోతుంది, బరువైన వాటిని వదలిపెడుతుంది. చేటలో బియ్యము చెరిగినప్పుడు ఊక ఒక ప్రక్కకు, మెరిగలు ఒక ప్రక్కకు పోయినట్లే ఇది.

భీమునిపట్నము, కళింగపట్నము, భావనపాడు తీరములలో తిరిగినవారికి ఈ చెరుగుడు కొత్తగాదు. తుఫాను వెళ్ళిన మరునాడు తెల్లని ఇసుకపై నల్లని చారలు కనబడతాయి. కాని ఆ నలుపు, జావా నలుపు ఒకటి కావు. మన తీరపు నల్ల ఇసుక తూర్పు కనుమల ప్రాచీన శిలలు అరిగి వచ్చినది. అందులో ఎక్కువ భాగము ఇల్మనైట్. దానితో గార్నెట్, సిల్లిమనైట్, కొంత మోనజైట్ కలిసి ఉంటాయి. మాగ్నటైట్ తక్కువ. ఇల్మనైట్ అంటే ఇనుము, టైటానియము, ఆక్సిజనుల సమ్మేళనము. మామూలు ఉష్ణోగ్రతలో దానికి అయస్కాంతముపై ఆకర్షణ చాల స్వల్పము. బడిలోని గుర్రపునాడా అయస్కాంతమునకు అంటుకొనేది మాగ్నటైట్. అంటక క్రింద మిగిలిన నల్లని పొడిలో అధికభాగము ఇల్మనైట్. రంగు చూచి ఇసుక నంతటినీ ఒకే జాతిలో కట్టివేయరాదు.

రెండు రకముల గదులు

మాగ్నటైట్ స్ఫటికములో ఆక్సిజను అయానులు ఒకదానిపై ఒకటి బత్తాయి పండ్ల గుట్టవలె పేర్చబడి ఉంటాయి. గుట్టలో పండ్ల నడుమ ఖాళీలు ఉన్నట్లే ఇక్కడను ఖాళీలున్నవి. వాటిలో కొన్ని నాలుగు ఆక్సిజనుల నడుమ ఉన్న చిన్న గదులు. వీటిని చతుర్ముఖి స్థానములంటారు. మరికొన్ని ఆరు ఆక్సిజనుల నడుమ ఉన్న పెద్ద గదులు. ఇవి అష్టముఖి స్థానములు. స్ఫటికపు ప్రమాణ ఘనములో 32 ఆక్సిజనులు, 24 ఇనుప అయానులు ఉంటాయి. చిన్న గదులు 64 ఉన్నా వాటిలో 8 మాత్రమే నిండుతాయి. పెద్ద గదులు 32 ఉండగా 16 నిండుతాయి. మిగిలినవి ఖాళీ. ఈ అమరికకు స్పినెల్ నిర్మాణమని పేరు. దీనిని 1915లో ఇంగ్లండులో బ్రాగ్, జపానులో నిషికావా ఎక్స్‌కిరణముల సహాయముతో వేరువేరుగా తేల్చినారు.

ఇనుప అయానులు రెండు విధములు. మూడు ఎలక్ట్రానులు పోగొట్టుకొన్నది ఒకటి (ఫెర్రిక్), రెండు పోగొట్టుకొన్నది ఒకటి (ఫెర్రస్). ఫెర్రిక్ అయానులో జంట లేని ఎలక్ట్రానులు 5. ఫెర్రస్ అయానులో 4. జంటలేని ప్రతి ఎలక్ట్రానూ ఒక చిట్టి అయస్కాంతము వంటిది. దాని బలమును బోర్ మాగ్నెటాను అనే ప్రమాణములో కొలుస్తారు. ఒక ఎలక్ట్రానుకు సుమారు ఒక మాగ్నెటాను.

ఇప్పుడు లెక్క వేయవచ్చును. అణుసూత్రము ఒకటికి చిన్న గదిలో ఒక ఫెర్రిక్ అయాను, పెద్ద గదులలో ఒక ఫెర్రిక్, ఒక ఫెర్రస్ అయాను ఉంటాయి. మొత్తము జంటలేని ఎలక్ట్రానులు 14. అన్నీ ఒకే దిక్కున ఉంటే మాగ్నటైట్ బలము 14 మాగ్నెటాన్లు కావాలి. ప్రయోగములో కొలిస్తే 4.1 మాత్రమే వస్తున్నది! ఈ చిక్కు చాలకాలము విడలేదు. 1948లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ దీనికి సమాధానము చెప్పినాడు. చిన్న గదుల అయానులు ఒక దిక్కును చూస్తే, పెద్ద గదుల అయానులు సరిగా ఎదురు దిక్కును చూస్తాయి. ఒకవైపు 5 మరియు 4 కలసి 9, రెండవవైపు 5. తేడా 4. కొలతకు ఇది సరిపోయినది. ఈ జాతి అయస్కాంతత్వమునకు ఫెర్రీ అయస్కాంతత్వమని పేరు వచ్చినది. 1951లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో షల్ మొదలైనవారు న్యూట్రాన్ల వివర్తనముతో ఈ ఎదురెదురు అమరికను ప్రత్యక్షముగా నిరూపించినారు. నీల్‌కు 1970లోను, షల్‌కు 1994లోను నోబెల్ బహుమానములు లభించినవి.

పల్లెటూళ్ళలో తాడులాగు పందెము చూడని పిల్లవాడు ఉండడు. మాగ్నటైట్‌లో జరుగుతున్నది అదే. ఒకవైపు తొమ్మిదిమంది, రెండవవైపు అయిదుగురు. బయటకు కనబడే బలము నలుగురిదే. ఇదే ఉపమానముతో జింకు సంగతి కూడ విడిపోతుంది.

జింకు చేసే విచిత్రము

జింకు అయానులో జంటలేని ఎలక్ట్రాను ఒక్కటి కూడ లేదు. తాడు పట్టుకొనే శక్తి లేనివాడన్నమాట. అటువంటివాడు జట్టులో చేరితే ఆ జట్టు బలహీనపడాలి. నిజమే. అయితే అతడు ఏ జట్టులో చేరుతాడు?

జింకుకు చిన్న గదులంటే ఇష్టము. నాలుగు ఆక్సిజనులతో బంధము ఏర్పరచుకొనడము దాని ఎలక్ట్రాను నిర్మాణమునకు అనుకూలము. అందుచేత అది స్ఫటికములో ప్రవేశించగానే చిన్న గదిలోని ఫెర్రిక్ అయానును త్రోసి తాను కూర్చుంటుంది. అనగా ఓడిపోయే జట్టులోని అయిదుగురి స్థానము ఖాళీ అవుతుంది. అంతటితో ఆగలేదు. త్రోయబడిన ఫెర్రిక్ అయాను పెద్ద గదికి, అనగా గెలిచే జట్టులోనికి పోతుంది. అక్కడ అది ఒక ఫెర్రస్ అయాను స్థానమును తీసుకొంటుంది. నాలుగుకు బదులు అయిదు వస్తుంది.

నూరు అణుసూత్రములకు పది చొప్పున జింకు కలిపినామనుకొందాము. చిన్న గదుల వైపు సగటున 4.5 మిగులుతుంది. పెద్ద గదుల వైపు 9కి బదులు 9.1 అవుతుంది. తేడా 4.6. ఇరవై చొప్పున కలిపితే అదే లెక్కన 5.2. బలము లేని లోహము చేరి, మొత్తము బలము పెరిగినది! విద్యార్థులు ఈ లెక్కను పలకపై వేసి చూడవచ్చును. కూడికలు తీసివేతలు తప్ప మరేమీ అక్కరలేదు.

మరి నూటికి నూరు పాళ్ళు జింకు కలిపితే? కూడికల ప్రకారము బలము 10 కావాలి. ప్రయోగములో వచ్చేది సున్న. ఇక్కడ తాడులాగు పందెమును మరల తలచుకొనాలి. గెలిచే జట్టువారు ఒక్క దిక్కునకు నిలబడి ఉన్నది తమలో తమకు సఖ్యత ఉండి కాదు, ఎదుట జట్టు ఒకటి ఉన్నందువల్ల. పెద్ద గదులలోని అయానులకు పరస్పరము ఉన్నది వైరమే. ఒకటి ఇటు చూస్తే ప్రక్కది అటు చూడాలనుకొంటుంది. అయితే చిన్న గదులతో వాటికున్న వైరము ఇంకను బలమైనది. అది ఉన్నంతవరకు ఇంటి తగవు అణగి ఉంటుంది. చిన్న గదులన్నీ జింకుతో నిండిపోతే ఎదుటి జట్టే లేదు. పెద్ద గదులలోనివి తమలో తాము కలహించి ఒకదాని బలమును ఒకటి రద్దు చేసికొంటాయి. స్వచ్ఛమైన జింకు ఫెర్రైటు మామూలు ఉష్ణోగ్రత దగ్గర అయస్కాంతమునకు అంటుకొనకపోవడానికి ఇది కారణము.

కాబట్టి జింకు పెరిగే కొద్దీ బలము కొంతవరకు పెరిగి, ఒక శిఖరమును చేరి, తరువాత తగ్గుతుంది. 2009లో దక్షిణ కొరియాలోని యోన్‌సే విశ్వవిద్యాలయమువారు స్వచ్ఛమైన రసాయనముల నుండి తయారుచేసిన సూక్ష్మకణములలో, రెండు వేలెన్సీల లోహమునకు కేటాయించిన ప్రతి పది స్థానములలో నాలుగు జింకు పాలైనప్పుడు ఈ శిఖరమును చూచినారు. తాడు ఉపమానము ఇంతవరకే పనికి వస్తుంది. అయానుల నడుమ నిజముగా తాడు లేదు. వాటి బేరము నడుమనున్న ఆక్సిజను ద్వారా జరుగుతుంది.

జింకు వలన మరొక నష్టము కూడ ఉన్నది. ప్రతి అయస్కాంత పదార్థమునకు ఒక క్యూరీ ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకు మించి వేడిచేస్తే వేడిమి కదలికలకు పరమాణువుల వరుస చెదరి, అయస్కాంతత్వము పోతుంది. మాగ్నటైట్‌కు అది సుమారు 580 డిగ్రీల సెంటీగ్రేడు. ఎదుటి జట్టు పలుచబడితే వరుసను కట్టి ఉంచే బలమూ తగ్గుతుంది గనుక, జింకు పెరిగిన కొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత దిగిపోతుంది. ఈ నష్టమునే లాభముగా మార్చుకొనే ఆలోచన వైద్యరంగములో ఉన్నది. దానిని తరువాత చూద్దాము.

తక్కిన లోహములు

మాంగనీసు సంగతి కొంత వినోదముగా ఉంటుంది. మాంగనీసు అయానులో జంటలేని ఎలక్ట్రానులు అయిదు. ఫెర్రిక్ ఇనుమునకు సరిసమానము. అందుచేత అది చిన్న గదిలో కూర్చున్నా, పెద్ద గదిలో కూర్చున్నా పూర్తి మాంగనీసు ఫెర్రైటు బలము లెక్కకు అయిదే వస్తుంది. కొలతలో సుమారు 4.6 కనబడుతుంది. అయితే క్యూరీ ఉష్ణోగ్రత 300 డిగ్రీలకు పడిపోతుంది. తూర్పు జావా ఇసుకతో పనిచేసినవారు ఎక్కువగా ఎన్నుకొన్న లోహములలో ఇది ఒకటి.

నికెలులో జంటలేని ఎలక్ట్రానులు రెండే. పైగా అది పెద్ద గదులనే కోరుకొంటుంది. అనగా గెలిచే జట్టులోని ఫెర్రస్ అయానును తీసివేసి తాను చేరుతుంది. బలము నాలుగు నుండి రెండు వైపుకు తగ్గుతుంది. మరి నికెలు కలుపుటలో ప్రయోజనమేమి? ప్రయోజనము విద్యుత్తులో ఉన్నది. మాగ్నటైట్ ఆక్సైడే అయినా విద్యుత్తును బాగుగనే ప్రసరింపజేస్తుంది. పెద్ద గదులలో ప్రక్కప్రక్కనే ఉన్న ఫెర్రస్, ఫెర్రిక్ అయానుల నడుమ ఒక ఎలక్ట్రాను చేతులు మారుతూ పోవడమే దీనికి కారణము. నికెలు ఫెర్రస్ స్థానములను ఆక్రమిస్తే ఆ చేతిమార్పు నిలిచిపోతుంది; విశిష్ట నిరోధము లక్షల రెట్లు పెరుగుతుంది.

రేడియో తరంగముల పౌనఃపున్యములో పనిచేసే తీగచుట్టలకు ఇనుప దిమ్మ పనికిరాదు. దానిలో పుట్టే సుడి విద్యుత్ప్రవాహములు శక్తినంతటినీ వేడిగా మార్చివేస్తాయి. నిరోధము హెచ్చుగా ఉండి, అయస్కాంతత్వము చెడని పదార్థము కావాలి. 1930లో టోక్యోలో యోగోరో కాటో, తకేషి తకేయి అనే రసాయన శాస్త్రజ్ఞులు ఇటువంటి ఫెర్రైటులను కనిపెట్టినారు. వాటిని తయారుచేయడానికే 1935లో అక్కడ టి.డి.కె. సంస్థ వెలసినది. హాలండులో ఫిలిప్స్ సంస్థకు చెందిన స్నూక్ రెండవ ప్రపంచయుద్ధకాలములో మాంగనీసు–జింకు, నికెలు–జింకు ఫెర్రైటులను వృద్ధిచేసినాడు. ట్రాన్సిస్టర్ రేడియో విప్పితే తీగ చుట్టిన నల్లని కడ్డీ ఒకటి కనబడేది, అది ఫెర్రైటు. నేడు చేతిఫోనుకు విద్యుత్తు ఎక్కించే చిన్న పెట్టెలోని ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ కూడ అదే జాతి.

కోబాల్టు మార్చేది బలమును కాదు, మొండితనమును. మాగ్నటైట్ రేణువులో అయస్కాంత దిక్కును ఒకవైపు నుండి ఇంకొకవైపుకు త్రిప్పడము తేలిక. కోబాల్టు ఉన్న స్ఫటికములో ఆ దిక్కు కొన్ని అక్షములకే అంటిపెట్టుకొని ఉంటుంది. దానిని కదల్చడానికి ఎదురు క్షేత్రము చాల ఎక్కువ కావాలి. భౌతికశాస్త్ర పాఠములో దీనిని నిగ్రహత అంటారు. జింకు కలిపితే మెత్తని అయస్కాంతము, కోబాల్టు కలిపితే గట్టి అయస్కాంతము. ఒకే ఇసుక, రెండు విరుద్ధ ఫలితములు. చిత్రమేమంటే మాగ్నటైట్‌కు సహజముగా ఉండే స్వల్పమైన మొండితనము ఒక దిక్కునకు, కోబాల్టు తెచ్చేది దానికి ఎదురు దిక్కునకు ఉంటాయి. అందుచేత అత్యల్పముగా కలిపితే రెండూ రద్దై రేణువు ఇంకను మెత్తబడుతుంది, మరికొంచెము కలిపితే గట్టిపడుతుంది.

ప్రకృతి ముందే కలిపినది

ఈ విధముగా అన్యలోహమును చొప్పించడమునకు అర్ధవాహకముల శాస్త్రము నుండి మాదీకరణము అనే మాట వచ్చినది. నిజానికి సిలికానులో చేసే మాదీకరణమునకు, దీనికి చాల తేడా ఉన్నది. అక్కడ లక్షలు, కోట్ల పరమాణువులకు ఒకటి చొప్పున కలిపితే చాలు. ఇక్కడ నూటికి అయిదో, పదో, ఇరవయ్యో కలపాలి. ప్రతిక్షేపణమన్నమాటే దీనికి తగినది. కాని వాడుకలో మొదటి మాటే నిలిచిపోయినది.

ఇంకొక సంగతి. ఇసుకలో ఈ పని మానవుడు మొదలుపెట్టలేదు. అగ్నిపర్వతపు శిలాద్రవము చల్లారేటప్పుడే మాగ్నటైట్ స్ఫటికములలో టైటానియము, మెగ్నీషియము, అల్యూమినియము, వనేడియము చోటు చేసికొంటాయి. వీటిలో టైటానియము ముఖ్యము. అది జంటలేని ఎలక్ట్రానులు లేని అయాను. పైగా అది నాలుగు ఎలక్ట్రానులు పోగొట్టుకొన్నది గనుక, ఆవేశము సరిపడడానికి ప్రక్కనున్న ఒక ఫెర్రిక్ అయాను ఫెర్రస్‌గా మారాలి. జింకు వలె కాక ఇది పెద్ద గదులలో, అంటే గెలిచే జట్టులో చేరుతుంది. బలమూ తగ్గుతుంది, క్యూరీ ఉష్ణోగ్రతా తగ్గుతుంది. టైటానియము నిండుగా చేరిన ఖనిజమునకు అది గడ్డకట్టే చలికన్న ఎంతో దిగువన, సున్నకు క్రింద 150 డిగ్రీల ప్రాంతములో ఉంటుంది.

న్యూజీలాండు ఉత్తరద్వీపపు పడమటి తీరమంతా ఇటువంటి టైటానియము గల నల్ల ఇసుకే. తరనాకి అగ్నిపర్వత ప్రాంతము దాని పుట్టినిల్లు. పందొమ్మిదవ శతాబ్దములో వలస వచ్చినవారు ఆ ఇసుకను చూచి ఇనుపగని దొరికినదని సంతోషించినారు. కాని మామూలు కొలిమిలో అది కరగి రాలేదు. టైటానియము ఆక్సైడు చిట్టెమును ముద్దగట్టించి కొలిమిని పాడుచేసేది. ఎన్నో ప్రయత్నములు, ఎన్నో కంపెనీలు మునిగిన తరువాత 1960ల చివర గాని గ్లెన్‌బ్రూక్‌లో వేరొక పద్ధతిలో ఉక్కు తీయడము సాధ్యము కాలేదు.

ప్రయోగశాలలో కూడ ఈ టైటానియము తంటాలు తెస్తుంది. ఇసుకకు జింకు కలిపి కొలిచి, 'బలము ఇంత పెరిగినది' అని వ్రాస్తే ఆ పెరుగుదల దేనితో పోల్చి? స్వచ్ఛమైన మాగ్నటైట్‌తో పోల్చరాదు. అదే తీరములో, అదే రోజు ఎత్తిన, అదే విధముగా కడిగిన ఇసుకలో జింకు కలపని భాగముతో పోల్చాలి. ఒక వానకాలము గడిస్తే వాగు తెచ్చే ఇసుకలో పాళ్ళు మారిపోవచ్చును. సహజ ఇసుకపై పనిచేసే వారికి ఉన్న అసలు కష్టమిది. స్వచ్ఛమైన రసాయనములను సీసాలో కొనుక్కొనేవారికి ఇది లేదు.

కరిగించి, మరల కూర్చుట

పని జరిగే విధానము ఇట్లున్నది. ఇసుకను నీటితో కడిగి ఎండబెడతారు. అయస్కాంతముతో అనేక పర్యాయములు ఏరుతారు. ప్రతిసారి అంటిన దానిని విదిల్చి, మరల ఏరితే గాని నడుమ చిక్కుకొన్న క్వార్ట్జ్ రేణువులు వదలవు. ఏరిన పొడిని గాఢ హైడ్రోక్లోరికామ్లములో వేడిచేసి కలియబెడతారు. ఇనుము క్లోరైడులుగా కరిగి పసుపుపచ్చని ద్రావణమవుతుంది; ఒక పాలు ఫెర్రస్ క్లోరైడు, రెండు పాళ్ళు ఫెర్రిక్ క్లోరైడు. ఇసుకలోని సిలికా కరగదు, వడపోతలో మిగిలిపోతుంది. టైటానియములో కూడ కొంత వెనుకబడుతుంది. ఈ కరిగించుటలోనే సగము శుద్ధి జరిగిపోతుంది.

ఇప్పుడు కావలసిన లోహపు క్లోరైడును తూచి కలుపుతారు. ఇక్కడ లెక్క తప్పరాదు. రెండు వేలెన్సీల అయానులు ఒక పాలు, మూడు వేలెన్సీల అయానులు రెండు పాళ్ళు ఉండాలి. జింకును ఊరక పైన కలిపితే మొదటి పాలు పెరిగి, మిగులు జింకు వేరే ఆక్సైడుగా విడిపోతుంది. అందుచేత దానికి తగినట్లు ఫెర్రిక్ క్లోరైడును కూడ సరిచేస్తారు. తరువాత ద్రావణమును వేడిగా ఉంచి, అమోనియాను పోస్తారు. పసుపు ద్రావణము చూస్తూండగనే నల్లబడుతుంది. ఆ నల్లని అవక్షేపమే కొత్త ఇసుక. బీకరు క్రింద అయస్కాంతము పెడితే అంతా అడుగుకు వచ్చి చేరుతుంది. నీటితో పలుమార్లు కడిగి ఆరబెడతారు. ఎండబెట్టేటప్పుడు గాలి ఎక్కువగా తగిలితే ఫెర్రస్ అయానులు ఫెర్రిక్‌గా మారి పొడి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనబడితే జాగ్రత్త చాలలేదని అర్థము.

జింకు నిజముగా స్ఫటికము లోపల చేరినదా, లేక రేణువుల ప్రక్కన ఊరక కలసి ఉన్నదా? రసాయన విశ్లేషణ దీనికి జవాబు చెప్పజాలదు. రెండు సందర్భములలోను జింకు ఉన్నదనే అది చెబుతుంది. ఎక్స్‌కిరణములు చెబుతాయి. చిన్న గదిలోని ఫెర్రిక్ అయానుకన్న జింకు అయాను కొంచెము పెద్దది. అది లోపల చేరితే గోడలను కొద్దిగా వెలుపలికి నెడుతుంది. మాగ్నటైట్ ప్రమాణ ఘనపు భుజము సుమారు 8.40 ఆంగ్‌స్ట్రాములు, పూర్తి జింకు ఫెర్రైటులో అది 8.44. ఈ రవ్వంత పెరుగుదలను ఎక్స్‌కిరణముల రేఖలు స్థానము జరిగి చూపుతాయి. లోపల చేరకపోతే రేఖలు జరగవు. జింకు ఆక్సైడు రేఖలు వేరుగా కనబడతాయి.

ఈ విధముగా తయారైన రేణువుల వ్యాసము పది, పదిహేను నానోమీటర్లు. ఇంత చిన్నవాటిలో ఉపరితలముపై ఉన్న పరమాణువుల శాతము ఎక్కువ. గట్టున కూర్చున్నవారికి పందెముతో పట్టింపు తక్కువైనట్లు, ఉపరితలపు అయానులు వరుసలో సరిగా నిలబడవు. పెద్ద మాగ్నటైట్ స్ఫటికములో గ్రాముకు 92 సి.జి.ఎస్. ప్రమాణములు ఉండే సంతృప్త అయస్కాంతీకరణము ఈ సూక్ష్మరేణువులలో చాల తగ్గి కనబడుతుంది. జింకు వలన వచ్చే లాభమును ఈ నష్టము మ్రింగివేయవచ్చును. అందుకే ఒక ప్రయోగశాలలో పెరిగిన బలము ఇంకొకచోట తగ్గినట్లు కనబడడము అరుదు కాదు. ఇద్దరి లోహమొకటే, రేణువు పరిమాణము వేరు.

సుమారు ఇరవై నానోమీటర్లకన్న చిన్న మాగ్నటైట్ రేణువుకు ఇంకొక గుణము అబ్బుతుంది. దాని అయస్కాంత దిక్కు గది వేడిమికే అటు ఇటు తిరిగిపోతూ ఉంటుంది. బయటి అయస్కాంతము దగ్గర ఉన్నంతసేపు బలముగా ఆకర్షింపబడుతుంది; తీసివేయగానే ఏమీ ఎరగనట్లు ఊరకుంటుంది. అందుచేత రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డకట్టవు. 1963లో అమెరికా అంతరిక్ష సంస్థ ఉద్యోగి స్టీఫెన్ పాపెల్ ఇటువంటి మాగ్నటైట్ రేణువులను ద్రవములో తేల్చి, అయస్కాంతముతో నడిపింపదగిన ద్రవమును తయారుచేసినాడు. భారహీన స్థితిలో రాకెట్ ఇంధనమును యంత్రము వైపుకు లాగుట ఆయన ఉద్దేశము.

వైద్యములో ఈ గుణమే ముఖ్యము. మాగ్నటైట్ రేణువులను వ్రణము ఉన్నచోట నిలిపి, వేగముగా దిక్కు మారే అయస్కాంతక్షేత్రములో ఉంచితే అవి వేడెక్కుతాయి. 42 నుండి 45 డిగ్రీల వేడిమికి క్యాన్సరు కణములు దెబ్బతింటాయి. చిక్కేమంటే వేడి అక్కడ ఆగాలి. పెరిగితే చుట్టునున్న మంచి కణములు కూడ కాలిపోతాయి. శరీరము లోపల ఉష్ణమాపకము పట్టుకొని కూర్చోలేము. జింకు పాళ్ళను సరిచూచి, రేణువు క్యూరీ ఉష్ణోగ్రతను ఆ వేడిమికి కొంచెము పైన ఉండేటట్లు దింపగలిగితే, అది దాటగానే రేణువు అయస్కాంతత్వము పోయి వేడెక్కుట తనంతట తానే ఆగిపోతుంది. పైన నష్టమని చెప్పినది ఇక్కడ రక్షణ అవుతుంది. దీనికొరకు మాంగనీసు–జింకు ఫెర్రైటులపై అనేక దేశములలో పరిశోధన జరుగుతున్నది.

ఇటువంటి పనులకు కావలసిన ఇసుక పిడికెళ్ళలో లెక్క. తీరము నుండి ఇసుకను లారీలలో తరలించేది వేరే వ్యాపారము. లుమాజాంగ్ తీరములో ఆ తవ్వకము వలన పొలములలోనికి సముద్రపు నీరు వస్తున్నదని ఎదురుతిరిగిన ఒక రైతును 2015 సెప్టెంబరులో పట్టపగలు కొట్టి చంపినారు. ఆ సంగతి ఇండోనేషియా అంతటా అలజడి రేపినది. ప్రయోగశాల బీకరులోని నల్లని పొడిని, ఆ తీరమును ఒక్కటిగా చూడవలసిన పని లేదు. కాని రెండింటి ఇసుకా ఒక్కటే.

తరగతిలో చూపదగినవి

ఉపాధ్యాయులు ఇందులో కొంత భాగమును ఖర్చు లేకుండ చూపవచ్చును. నది ఒడ్డునో, సముద్రతీరమునో దొరికిన ఇసుకను కడిగి, ఎండబెట్టి, కాగితముపై పరచాలి. అయస్కాంతమును పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకపై త్రిప్పాలి. సంచి లేకపోతే ధ్రువములకంటిన పొడిని వదలించడము తలనొప్పి. అంటిన పొడిని తూచి, మొత్తములో ఎన్నవ వంతో లెక్కకట్టాలి. వేరువేరు ఊళ్ళ విద్యార్థులు తమతమ ఏటి ఇసుకను తెస్తే, ఆ సంఖ్యలలోని తేడాయే ఒక పాఠమవుతుంది. పాత ధ్వనివర్ధకముల వెనుక ఉండే బలమైన అయస్కాంతము దొరికితే అదే ఇసుకపై రెండవసారి త్రిప్పి, మొదట అంటని నల్లని రేణువులలో ఎన్ని ఇప్పుడు కదులుతున్నవో చూడవచ్చును.

క్యూరీ ఉష్ణోగ్రతను చూపడానికి, ఏరిన రేణువులను చిటికెడు ఇనుము కాని పింగాణీ ముక్కపై పెట్టి, బున్సెన్ జ్వాలలో ఎర్రగా కాలేవరకు వేడిచేయాలి. అయస్కాంతమును ప్రక్కనుండి దగ్గరకు తెస్తే రేణువులు కదలవు. ఎరుపు తగ్గి చల్లారుతూండగా ఒక క్షణములో గభాలున లేచి వచ్చి అంటుకొంటాయి. ఎక్కువసేపు కాలిస్తే గాలిలోని ఆక్సిజను చేరి రేణువులు ఎర్రని హెమటైట్‌గా మారిపోతాయి; అప్పుడవి చల్లారినా అంటుకొనవు. ఒకే పొడితో రెండుసార్లకు మించి ఈ ప్రయోగము చేయకపోవడము మంచిది.

ఆమ్లములో కరిగించే భాగమును పదవ తరగతి పైన, ఉపాధ్యాయుడు దగ్గరుండగా, కిటికీలు తెరచి, కళ్ళకు అద్దములు పెట్టుకొని మాత్రమే చేయాలి. అర చెంచా ఏరిన పొడికి కరగడానికి చాలసేపు పడుతుంది. అమోనియా పోసిన తరువాత వచ్చే నల్లని అవక్షేపమునకు, మొదటి ఇసుకకు పైచూపునకు రంగు తేడా కనబడదు. అయస్కాంతమును గాజు గోడ ప్రక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది: మొదటి ఇసుక రేణువులు విడివిడిగా ముళ్ళవలె నిలబడతాయి, కొత్తది మాత్రము ఒక నల్లని ముద్దవలె గోడ వెంట మెల్లగా ప్రాకుతుంది.